ఇంటిచాకిరీ ఎవరి లెక్కలోకి వస్తుంది? వామపక్ష ఆలోచనలో నూటనలభై ఏళ్ల చర్చ

పని గురించి వామపక్షం మాట్లాడినంతగా మరే రాజకీయమూ మాట్లాడలేదు. ఎనిమిది గంటల పనిదినం, కనీస కూలి, సమ్మె హక్కు, బోనసు, పింఛను, ఇవన్నీ జనం నోళ్లలో నలిగి చట్టాల్లోకి ఎక్కడంలో ఆ రాజకీయం వాటా చాలా పెద్దది. అయితే ఆ ఎనిమిది గంటల పనికి వెళ్లేవాడికి పొద్దున్నే క్యారియర్ సర్ది పంపే పని ఏ లెక్కలోకి వస్తుందన్న దగ్గర మాత్రం వామపక్షం ఏనాడూ ఒక్క మాట మీద లేదు. అది శ్రమేనని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాతే దారులు చీలాయి. ఆ పనిని ఇంట్లోంచి బయటికి తీసుకెళ్లాలన్నారు కొందరు. దానికి జీతం కట్టాలన్నారు మరికొందరు. మగవాళ్లు సగం పంచుకుంటే తప్ప తెగదన్నారు ఇంకొందరు. కులాన్ని పక్కనపెట్టి ఈ చర్చ చేయడమే మొదటి తప్పన్నారు వేరొకరు.

ఈమధ్య ఈ చర్చ మరింత చిక్కుపడింది. గృహిణి శ్రమకు విలువ కట్టడం గురించి సుప్రీంకోర్టు తీర్పులు చెబుతోంది. మహిళల ఖాతాల్లో నెలనెలా డబ్బు వేసే పథకాలు రాష్ట్రం తర్వాత రాష్ట్రానికి పాకాయి. పిల్లల్ని చూసుకునే అంగన్‌వాడీలు జీతం కోసం వారాల తరబడి రోడ్డెక్కారు. వీటిలో ఏది ముందడుగు, ఏది పాత పంజరానికే కొత్త రంగు అన్న విషయంలో వామపక్షీయులే పరస్పరం విభేదిస్తున్నారు. అందుకే ఏ వాదం ఎక్కడ పుట్టింది, ఏ ప్రశ్నకు జవాబు చెప్పింది, దేన్ని వదిలేసింది అన్నది ఒకచోట పెట్టి చూసుకోవలసిన సమయం ఇది.

అంకెల్లో ఇంటిపని

జాతీయ గణాంక కార్యాలయం 2019లో మొదటిసారి దేశమంతటా కాలవినియోగ సర్వే చేసింది. ఆరేళ్లు, ఆపైన వయసున్నవాళ్లు రోజులో ఎంతసేపు ఏ పని చేశారో అడిగి రాసుకున్న లెక్క అది. జీతం లేని ఇంటిపని మీద ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. 2024లో మళ్లీ చేసిన సర్వేలో ఆ అంకెలు 289, 88 అయ్యాయి. ఇద్దరికీ కాస్త తగ్గింది. ఇద్దరి మధ్య తేడా మాత్రం 202 నిమిషాల నుంచి 201 నిమిషాలకు వచ్చి ఆగింది. పిల్లల్ని, ముసలివాళ్లని, జబ్బుపడినవాళ్లని చూసుకునే పని దీనికి అదనం. 2024లో అందులో ఆడవాళ్లు 137 నిమిషాలు గడిపితే మగవాళ్లు 75 నిమిషాలు గడిపారు.

ఈ సగటులో ఒక మెలిక ఉంది. ఆ రోజు ఆ పని చేసినవాళ్లను మాత్రమే తీసుకుని కట్టిన సగటు ఇది. 2019లో ఆడవాళ్లలో 81.2 శాతం మంది ఇంటిపని చేస్తే, మగవాళ్లలో చేసింది 26.1 శాతమే. అంటే నలుగురు మగవాళ్లలో దాదాపు ముగ్గురు ఆ రోజు గిన్నె కడగలేదు, చీపురు పట్టలేదు. వాళ్లనూ కలిపి సగటు కడితే మగవాళ్ల వంతు అరగంటకు లోపే ఉంటుంది.

జాతీయాదాయం లెక్కల్లో ఈ గంటలకు చోటు లేదు. హోటల్లో వండిన అన్నం ఉత్పత్తి కిందికి వస్తుంది, ఇంట్లో వండిన అన్నం రాదు. న్యూజిలాండ్‌కు చెందిన మార్లిన్ వేరింగ్ 1988లో ఒక పుస్తకమే రాసి ఈ పద్ధతిని కడిగేశారు. ఆ తర్వాత అంతర్జాతీయ లెక్కల నియమాలు ఇంటికోసం నీళ్లు మోయడాన్ని, కట్టెలు ఏరడాన్ని ఉత్పత్తిగా ఒప్పుకున్నాయి. వంట, ఊడవడం, పిల్లల పెంపకం మాత్రం గీత అవతలే ఉండిపోయాయి. లెక్కకు రాని పనికి బడ్జెట్‌లో కేటాయింపు అడగడం కష్టం కాబట్టి ఇది గణాంక నిపుణులకు వదిలేసే సంగతి కాదు.

ఇంట్లోంచి బయటికి: తొలి సోషలిస్టుల జవాబు

జర్మన్ సోషలిస్టు నాయకుడు ఆగస్ట్ బెబెల్ 1879లో స్త్రీల ప్రశ్న మీద రాసిన పుస్తకం, ఎంగెల్స్ 1884లో కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యాల పుట్టుక మీద రాసిన పుస్తకం ఈ చర్చకు పునాదిరాళ్లు. ఎంగెల్స్ వాదన సూటిగా ఉంటుంది. సొంత ఆస్తి వచ్చాక ఇంటి నిర్వహణ సమాజానికి సంబంధం లేని సొంత సేవగా మారింది, స్త్రీ సామాజిక ఉత్పత్తి నుంచి బయటపడింది. కాబట్టి విముక్తికి మొదటి మెట్టు స్త్రీలందరూ బయటి పనిలోకి రావడం. ఇంటిపనిని సమాజం తన బాధ్యతగా తీసుకోవడం దాని వెంటే జరగాలి.

రష్యా విప్లవం ఈ ఆలోచనను ఆచరణలో పెట్టే అవకాశమిచ్చింది. ఇంటిచాకిరీ స్త్రీని నలిపేస్తుందని, సామూహిక భోజనశాలలు, శిశుసంరక్షణ కేంద్రాలే కమ్యూనిజం మొలకలని లెనిన్ 1919లో రాశాడు. అదే ఏడు పార్టీలో మహిళా విభాగం ఏర్పడింది. ఇనెస్సా అర్మాండ్ తర్వాత దాన్ని నడిపిన అలెగ్జాండ్రా కొల్లొంతాయ్ 1920లో ఇంకో అడుగు ముందుకేసింది. వంట, ఉతుకు, అంట్లు, పిల్లల పెంపకం అన్నీ సమాజానికి అప్పగిస్తే కుటుంబం ప్రేమ మీద మాత్రమే నిలుస్తుందని వాదించింది. అంతర్యుద్ధం రోజుల్లో పెట్రోగ్రాడ్ జనంలో అత్యధికులు సామూహిక వంటశాలల్లోనే తిన్నారు.

ఆ ప్రయోగం ఎందుకు నీరుగారిందన్న దాని మీద రెండు వివరణలున్నాయి. మొదటిది డబ్బు. 1921లో నూతన ఆర్థిక విధానం వచ్చాక ఖర్చు తగ్గించుకోవడానికి చాలాచోట్ల శిశుకేంద్రాలు, భోజనశాలలు మూసేశారు. కరువులో పెట్టిన నీళ్లచారు తిన్నవాళ్లు సామూహిక వంటను ఆదర్శంగా కాక అగత్యంగా చూశారు. రెండో వివరణ లోతైనది. ఆ భోజనశాలల్లో వండింది, శిశుకేంద్రాల్లో పిల్లల్ని చూసింది ఎక్కువగా ఆడవాళ్లే. పని చోటు మారింది, చేసే చేతులు మారలేదు. తర్వాతి దశాబ్దాల్లో సోవియట్ స్త్రీ ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు, క్యూలైన్లలో, వంటింట్లో రెండో షిఫ్టు చేసింది. చైనాలో 1958లో కమ్యూన్ల భోజనశాలలు ఊళ్లకు ఊళ్లనే చుట్టేశాయి. బలవంతం, ధాన్యం సేకరణలో ఘోరమైన తప్పులు, ఆపైన వచ్చిన మహాక్షామం కలిసి 1961 నాటికి వాటిని ముగించాయి. సామూహిక వంట ఇష్టంతో నడవాలి, దానికి వనరులుండాలి అన్నది ఆ విషాదం నేర్పిన పాఠం.

జీతం కట్టండి: 1970ల వాదం

1969లో మార్గరెట్ బెన్‌స్టన్ చర్చను కొత్త మలుపు తిప్పింది. ఇంటిపని ఉపయోగపు విలువల్ని తయారుచేస్తుంది గానీ సంతకు రాదు, సంతే కొలబద్దగా ఉన్న సమాజంలో అందుకే దానికి విలువ లేకుండా పోయిందని ఆమె వాదన. 1972లో సెల్మా జేమ్స్, ఇటలీకి చెందిన మరియారోసా డల్లా కోస్తా ఇంకా ముందుకు వెళ్లారు. కార్మికుడు రేపు మళ్లీ పనికి రావాలంటే ఈ రాత్రి అతనికి తిండి, నిద్ర, ఉతికిన బట్టలు కావాలి. అంటే ఇల్లాలు శ్రమశక్తి అనే సరుకునే తయారుచేస్తోంది. ఆ సరుకుతో లాభం చేసుకునే పెట్టుబడి ఆమెకు పైసా ఇవ్వడం లేదు. ఈ వాదం నుంచే ఇంటిపనికి వేతనం కోరే అంతర్జాతీయ ప్రచారోద్యమం పుట్టింది. 1975లో సిల్వియా ఫెదెరిచీ దీనికి పదును పెట్టింది. జీతం అడగడమంటే ఈ పనిని ప్రేమగా, స్త్రీ స్వభావంగా చూడటాన్ని తిరస్కరించడమేనని ఆమె అన్నది.

ఆపైన దశాబ్దం పాటు మార్క్సిస్టు పత్రికల్లో పెద్ద వాదోపవాదం నడిచింది. ఇంటిపని మారకం విలువను సృష్టిస్తుందా, అదనపు విలువకు దారితీస్తుందా అన్న సాంకేతిక ప్రశ్న దగ్గర వాదం గిరగిరా తిరిగింది. 1983లో లీజ్ వోగెల్ దాన్ని వేరే నేల మీదికి తెచ్చింది. శ్రమశక్తి పునరుత్పత్తి మొత్తాన్ని ఒక ప్రక్రియగా చూడాలని, ఇల్లు, బడి, ఆస్పత్రి, వలస అన్నీ అందులో భాగాలేనని ఆమె ప్రతిపాదన. ఈనాడు సామాజిక పునరుత్పత్తి సిద్ధాంతం పేరుతో నడుస్తున్న ఆలోచనాధారకు అది ముఖ్యమైన ఆధారం.

వేతన వాదానికి ఎదురైన అభ్యంతరాల్లో బలమైనది ఏంజెలా డేవిస్‌ది. 1981లో ఆమె అడిగిన ప్రశ్న తేలిగ్గా తోసేయదగ్గది కాదు. అమెరికాలో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా తెల్లవాళ్ల ఇళ్లలో జీతానికే ఇంటిపని చేశారు. ఆ జీతం వాళ్లను విముక్తం చేసిందా? ఇంటిపనికి కూలి కట్టడం కంటే దాన్ని పారిశ్రామిక స్థాయిలో సామాజికం చేయడమే దారి అని ఆమె తొలి సోషలిస్టుల జవాబు వైపు మొగ్గింది. వేతన వాదులు దీనికిచ్చిన సమాధానం కూడా వినదగ్గదే. డబ్బు చేతిలో ఉన్న మనిషికి కాదనే శక్తి ఉంటుంది, ఆ శక్తి లేకుండా ఏ సంస్కరణా నిలవదు అని.

ఈ పని ఆగితే ఏమవుతుందో అదే దశాబ్దంలో ఒక దేశం కళ్లారా చూసింది. 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్‌లో దాదాపు 90 శాతం స్త్రీలు బయటి పనీ ఇంటిపనీ రెండూ మానేశారు. పిల్లల్ని వెంటబెట్టుకుని మగవాళ్లు ఆఫీసులకు వెళ్లారు. మరుసటి ఏడే ఆ దేశం సమానత్వ చట్టం చేసింది.

సగం నీది, సగం నాది

పనిని బయటికి పంపినా, దానికి జీతం కట్టినా ఇంట్లో కొంత పని మిగిలే ఉంటుంది. రాత్రి రెండు గంటలకు జ్వరంతో ఏడ్చే బిడ్డను ఎత్తుకోవడానికి ఏ భోజనశాలా రాదు. ఆ మిగిలిన పనిని ఎవరు చేయాలన్నది మూడో వాదం ప్రశ్న. క్యూబా 1975 కుటుంబ చట్టంలో ఇంటిపని, పిల్లల పెంపకం భార్యాభర్తలిద్దరి బాధ్యత అని రాసుకుంది. చట్టం మంచిదే, పడకగదిలోకీ వంటింట్లోకీ వెళ్లి దాన్ని అమలుచేసే యంత్రాంగం మాత్రం ఎక్కడా ఉండదు. స్వీడన్ సోషల్ డెమోక్రాట్లు వేరే మార్గం పట్టారు. 1974లో తల్లికే ఇచ్చే ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చారు. మొత్తం 480 రోజుల్లో ఇప్పుడు ఒక్కొక్కరికి 90 రోజులు విడిగా కేటాయించారు. తండ్రి తన వంతు వాడుకోకపోతే ఆ రోజులు పోతాయి. నీతిబోధ చేయలేనిది ఆ నియమం కొంతవరకు చేయగలిగింది.

మన దేశంలో 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. ఆ ఖర్చు చాలావరకు యజమాని మీదే పడింది. ప్రైవేటు రంగంలో తండ్రికి సెలవు హక్కు లేదు. దీనివల్ల పిల్లల పెంపకం తల్లి పనేనన్న భావన చట్టంలోనే బిగుసుకుందని, ఆడవాళ్లను ఉద్యోగంలో పెట్టుకోవడానికి యజమానులు వెనకాడే పరిస్థితి వచ్చిందని పంపకం వాదులు ఎత్తిచూపుతున్నారు.

తెలుగు నేల మీద

ఈ మూడు వాదాలూ తెలుగులో తమవైన రూపాలు తీసుకున్నాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు కొరియర్లుగా, దళ సభ్యులుగా, నాయకులుగా పనిచేశారు. పోరాటం విరమించాక వాళ్లలో చాలామందిని ఇళ్లకు వెళ్లమన్నారు. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన వాళ్ల మాటలు సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. భూమి పంచిన ఉద్యమం వంటింటిని ఎందుకు పంచలేకపోయిందన్న ప్రశ్న ఆ పుస్తకంతో తెలుగు వామపక్షం ముందు నిలబడింది.

‘పెట్టుబడి’ని తెలుగు పాఠకులకు పరిచయం చేసిన రంగనాయకమ్మ ‘ఇంటిపని - బైటిపని’లో పంపకం వాదాన్ని మార్క్సిస్టు పునాది మీద నిలబెట్టారు. ఆడవాళ్లు బయటి పనిలోకి, మగవాళ్లు ఇంటిపనిలోకి రావాలని, రెండు పనులూ ఇద్దరివీ అయినప్పుడే స్త్రీ పురుషుల మధ్య శ్రమ విభజన పోతుందని ఆమె వాదన. విప్లవోద్యమం నుంచి వచ్చిన విమల ‘వంటిల్లు’ కవిత, ఇల్లు అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలిని చూపించిన పి.సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ ఈ చర్చను సిద్ధాంత గ్రంథాలు చదవని ఇళ్లకు చేర్చాయి.

ఇక ప్రపంచ చర్చకు తెలుగు నేల ఇచ్చిన ఉదాహరణ నర్సాపురం లేసు. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1970ల చివర గోదావరి డెల్టాలో తిరిగి, 1982లో ప్రచురించిన పుస్తకంలో ఒక వింతను బయటపెట్టింది. క్రోషే సూది, దారం పట్టుకుని వేలాది స్త్రీలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నారు. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు అతుకుపని చేస్తారు. ఏజెంటు వచ్చి సరుకు తీసుకెళ్తాడు, వ్యాపారి ఎగుమతి చేస్తాడు. విదేశీ మారకం వస్తుంది. అయినా జనాభా లెక్కల్లో ఆ స్త్రీలు కార్మికులు కారు. ఎగుమతిదారుల దృష్టిలో అది ఇల్లాళ్లు తీరిక వేళల్లో చేసే పని. పొలం పనికి వెళ్లే మాల, మాదిగ స్త్రీల కూలి లేసు అల్లే కాపు స్త్రీల రాబడి కంటే ఎక్కువ ఉండేది. అయినా గడప దాటకపోవడమే పరువుగా భావించి కాపు స్త్రీలు తక్కువ రాబడికే కట్టుబడ్డారు. కార్మికురాలిని ఇల్లాలిగా చూపించి కూలి తగ్గించే ఈ పద్ధతికి మీస్ ఒక సిద్ధాంతమే కట్టింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సరుకుకు దక్కిన గుర్తింపు అల్లిన చేతులకు ఇంకా పూర్తిగా దక్కలేదు.

దీని పక్కనే ఉత్తర తెలంగాణ బీడీ కార్మికులను పెట్టి చూస్తే చట్టం చేయగల తేడా అర్థమవుతుంది. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో స్త్రీలు బీడీలు చుట్టేదీ ఇంట్లోనే. చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని, వంటకూ పిల్లలకూ మధ్య దొరికిన సమయంలోనే చుడతారు. కానీ 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగా గుర్తించింది. సంఘాలు పోరాడి గుర్తింపు కార్డులు, ప్రావిడెంట్ ఫండ్ సాధించాయి. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం బీడీ కార్మికులకు పింఛనూ ఇస్తోంది. అమల్లో లోటుపాట్లు చాలానే ఉన్నా, ఇంట్లో చేసే పని పనేనని చట్టం ఒప్పుకోవడమే లేసు స్త్రీలకూ బీడీ స్త్రీలకూ మధ్య తేడా.

కులం అడిగిన ప్రశ్న

ఇల్లాలు ఇంట్లో మగ్గుతోందన్న మాటలోని ఇల్లాలు ఎవరు? దళిత స్త్రీవాదం ఈ చర్చను ఆపి అడిగిన ప్రశ్న ఇది. దళిత స్త్రీకి బయటి పని ఎన్నడూ కొత్త కాదు. నాట్లు, కలుపు, వెట్టి, ఇతరుల వాకిళ్లలో పాచిపని చేసుకుంటూనే ఆమె బతికింది. ఎంగెల్స్ చెప్పిన మొదటి మెట్టు ఆమె తరతరాల క్రితమే ఎక్కింది, విముక్తి మాత్రం రాలేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ లాంటి సంకలనాలు ఈ అనుభవాన్ని దళిత స్త్రీల గొంతుతోనే ముందుకు తెచ్చాయి. పై కులాల స్త్రీలు ఉద్యోగాలకు వెళ్లగలిగింది ఇంట్లో మగవాళ్లు పని అందుకున్నందువల్ల కాదు, మరో స్త్రీ తక్కువ జీతానికి వచ్చి అంట్లు తోమినందువల్ల. ఆ మరో స్త్రీ ఎక్కువగా దళిత, బహుజన, ఆదివాసీ కుటుంబాల నుంచి వచ్చినదే. ఆమెకు వంటింట్లో ప్రవేశం ఉంటుందా, ఏ గ్లాసులో టీ ఇస్తారు అన్నవి ఇప్పటికీ చాలా ఇళ్లలో కులమే నిర్ణయిస్తోంది.

ఈ గొలుసు దేశం దాటిపోయింది. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి స్త్రీలు కువైట్‌కూ ఇతర గల్ఫ్ దేశాలకూ ఇంటిపనికి వెళ్తారు. అక్కడి పిల్లల్ని వీళ్లు పెంచుతుంటే ఇక్కడ వీళ్ల పిల్లల్ని అమ్మమ్మలు పెంచుతారు. కువైట్ 2015లో గృహకార్మికుల కోసం చట్టం చేసి రోజుకు 12 గంటల పరిమితి, వారానికి ఒక సెలవు రాసింది. ఇంటి తలుపు మూసుకున్నాక ఆ గంటలు ఎవరు లెక్కపెడతారన్నదే ప్రశ్న. మన దేశం పరిస్థితి దీనికంటే మెరుగ్గా ఏమీ లేదు. గృహకార్మికులపై 2011 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను భారత్ ఇంకా ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు వీరికోసం ప్రత్యేక చట్టం అవసరాన్ని పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది.

ప్రభుత్వమే యజమాని అయినప్పుడు

తొలి సోషలిస్టులు కోరిన సామూహిక సేవల్లో కొన్ని మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు వచ్చాయి. బడిలో మధ్యాహ్న భోజనం ఉంది. నగరాల్లో ఐదు రూపాయల భోజనశాలలున్నాయి. ఇవి ఇంటి భారాన్ని నిజంగా తగ్గించాయి. అయితే ఈ సేవలు నిలిచింది వాటిలో పనిచేసే స్త్రీలకు తక్కువ ఇవ్వడం మీద. అంగన్‌వాడీ టీచరూ ఆయా ఇద్దరూ చట్టం దృష్టిలో గౌరవ వేతనం తీసుకునే స్వచ్ఛంద సేవకులు. మధ్యాహ్న భోజనం వండే స్త్రీకి కేంద్రం 2009లో ఖరారు చేసిన మొత్తం నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే.

ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబర్ 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి టీచర్‌కు నెలకు అందుతున్నది 11,500 రూపాయలు. జీతం పెంపు, గ్రాట్యుటీ వారి ముఖ్యమైన డిమాండ్లు. ప్రభుత్వం 2024 జనవరిలో వారి మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. సమ్మె చేస్తే అత్యవసర ఉద్యోగులు, జీతం అడిగితే స్వచ్ఛంద సేవకులు అన్న ఈ ద్వంద్వ నీతి ఈ సమస్య మొత్తాన్నీ ఒక్కచోట చూపిస్తుంది. గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పింది కాబట్టి వారి వాదనకు న్యాయబలం కూడా ఉంది.

జీతం వాదానికి దగ్గరి చుట్టంగా కనిపించేవి నగదు పథకాలు. తమిళనాడు 2023 సెప్టెంబర్ 15 నుంచి కోటిమందికి పైగా స్త్రీలకు నెలకు వెయ్యి రూపాయలు ఇస్తోంది. దాన్ని సహాయంగా కాక, స్త్రీల కూలిలేని శ్రమకు గుర్తింపుగా, హక్కుగా ప్రకటించింది. కోర్టులు మరో దారిలో అక్కడికే వచ్చాయి. 2010లో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు, 2001 జనాభా లెక్కలు గృహిణులను బిచ్చగాళ్లు, ఖైదీలతో కలిపి పనిచేయనివాళ్ల కింద చేర్చడాన్ని తప్పుపట్టింది. 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి.రమణ తన తీర్పులో గృహిణి శ్రమకు ఊహాత్మక ఆదాయం కట్టడం న్యాయమేకాక, రాజ్యాంగ సమానత్వం దిశగా అవసరమని రాశారు. అయితే కోర్టు ఆ విలువ కట్టేది ఆమె చనిపోయాకో, వికలాంగురాలయ్యాకో మాత్రమే. బతికుండగా ఆ విలువ ఎవరు కట్టాలన్నది అలాగే ఉంది.

వాదాలు పక్కపక్కన

సామాజికీకరణ వాదం అడిగేది ఈ పని ఎక్కడ జరగాలని. దాని బలం: పేద ఇంటికి నేరుగా గంటలు మిగులుస్తుంది. దాని లోటు: ఆ సేవల్లో తక్కువ జీతానికి మళ్లీ స్త్రీలనే నిలబెట్టింది.

వేతన వాదం అడిగేది దీనికి ఎవరు డబ్బు కట్టాలని. దాని బలం: కనిపించని పనిని కనిపించేలా చేసింది, స్త్రీ చేతిలో సొంత డబ్బు పెట్టింది. దాని లోటు: పని ఎవరు చేయాలన్నది అడగదు. వెయ్యి రూపాయలు వచ్చినా వంట ఆమెదే.

పంపకం వాదం అడిగేది ఎవరు చేయాలని. దాని బలం: మగవాణ్ని నేరుగా బాధ్యుణ్ని చేస్తుంది. దాని లోటు: మగవాడు లేని ఇళ్లకు, పన్నెండు గంటల డ్యూటీ చేసే ఇద్దరికీ అది చాలదు. పంచుకోవడానికి ఇద్దరికీ సమయం మిగలాలి కదా.

కుల విమర్శ అడిగేది ఏ స్త్రీ అని. దాని బలం: మిగతా మూడింటి కళ్లు తెరిపించింది. ఒక స్త్రీ విముక్తికి మరో స్త్రీ చాకిరీ ధర కాకూడదన్న గీటురాయి దానిదే.

ఇంకా తేలనివి

మొదటిది, యంత్రాల పాత్ర. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం గ్యాస్ కనెక్షన్లు ఇచ్చాయి. పొగ తగ్గింది, కట్టెల మోత తగ్గింది. కానీ పరికరాలు వచ్చినంత మాత్రాన గంటలు తగ్గవని, శుభ్రతా ప్రమాణాలు పెరిగి పని మళ్లీ నిండిపోతుందని అమెరికా అనుభవం మీద రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో చూపింది. మన సర్వేల్లో కదలని 201 నిమిషాల తేడా దాన్నే గుర్తుచేస్తుంది.

రెండోది, ప్రేమ, శ్రమ మధ్య గీత. బిడ్డకు పాలివ్వడాన్నీ అంట్లు తోమడాన్నీ ఒకే గాటన కట్టవచ్చా? కట్టకూడదంటే ఆ గీత ఎవరు గీస్తారు? ఏ వాదమూ దీనికి పూర్తి జవాబు ఇవ్వలేదు.

మూడోది, ముసలితనం. ఈ చర్చ ఎక్కువగా పిల్లల చుట్టూ తిరిగింది. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడ్డ తెలుగు ఊళ్లలో మంచం పట్టిన తల్లిదండ్రులను చూసుకునే పని రాబోయే దశాబ్దాల పెద్ద ప్రశ్న. దాన్ని ఇప్పుడు మోస్తున్నది చాలావరకు వయసు మీరిన భార్యలు, కోడళ్లు, తక్కువ జీతపు ఆయాలే.

నాలుగోది, సంఘం. ఫ్యాక్టరీ గేటు దగ్గర పుట్టిన కార్మిక సంఘం ఒక్కో ఇంట్లో విడివిడిగా ఉన్న పనివాళ్లను ఎలా కూడగట్టాలి? అంగన్‌వాడీలు, బీడీ కార్మికులు ఒక దారి చూపారు. గృహకార్మికుల సంఘాలు ఇంకా తొలి అడుగుల్లోనే ఉన్నాయి.

ఎక్కడ నిలబడాలి

ఈ వాదాలను ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలుగా చూడటమే వామపక్షం చేసిన పెద్ద పొరపాటు. ఎక్కడ, ఎవరు, ఎవరి డబ్బుతో అన్న మూడు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు చెప్పిన చోటే మార్పు కనిపించింది, ఒక్కదానికే చెప్పిన చోట మిగతా రెండూ దాన్ని వెనక్కి లాగాయి. కాబట్టి క్రమం ఇలా ఉండాలి. ముందు శిశుసంరక్షణ, వృద్ధుల సంరక్షణ, చౌక భోజనం ప్రజాసేవలుగా విస్తరించాలి. వాటిలో పనిచేసేవాళ్లు ఉద్యోగులుగా పూర్తి జీతం, పింఛను పొందాలి. వాడుకోకపోతే పోయే సెలవు తండ్రికి చట్టంలో రావాలి. నగదు పథకాలు వీటికి తోడుగా ఉండాలి, వీటిని ఎగ్గొట్టడానికి సాకు కాకూడదు. గృహకార్మికుల చట్టం ఇంకెంతమాత్రం వాయిదా పడకూడదు.

ఏ కొత్త పథకం వచ్చినా, ఏ తీర్పు వచ్చినా దాన్ని కొలవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఈ గొలుసులో చివర ఉన్న స్త్రీకి, అంటే మరొకరి ఇంట్లో అంట్లు తోమి తన ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించే స్త్రీకి, రోజులో ఎన్ని నిమిషాలు మిగిలాయి? తర్వాతి కాలవినియోగ సర్వే వచ్చినప్పుడు వామపక్ష పార్టీలు, సంఘాలు మొదట చూడవలసినది ఆమె అంకెనే. బయటి పనిదినాన్ని ఎనిమిది గంటలకు తెచ్చిన ఉద్యమానికి ఇంటి పనిదినాన్ని తగ్గించే శక్తి లేకపోలేదు. దాన్ని తన ప్రధాన డిమాండ్ల పట్టికలో పైన రాసుకోవడం, తన సభ్యుల ఇళ్లలోనే మొదలుపెట్టడం ఇప్పుడు మిగిలిన పని.